పాత టీఎస్-520ఎస్ సెట్టు: ముందు కాంటాక్టులు, చివరికి కోర్లు

మీ మేనమామగారి కర్నూలు పాతబస్తీ ఇంట్లో ఏళ్ల తరబడి మూలపడి ఉన్న కెన్‌వుడ్ టీఎస్-520ఎస్ హ్యామ్ రేడియో సెట్టును కోడుమూరుకు తెచ్చుకుని, లైసెన్సు చేతికి వచ్చాక ఆన్ చేశానని రాశారు. అన్ని బ్యాండ్లలోనూ రిసెప్షన్ నీరసంగా ఉందనీ, ఉన్నట్టుండి గట్టిగా వచ్చి మళ్లీ పడిపోతోందనీ, వీఎఫ్ఓ (ఫ్రీక్వెన్సీని మార్చే ఆసిలేటర్) నాబ్ తిప్పితే గరగరమంటూ ఫ్రీక్వెన్సీ గెంతుతోందనీ చెప్పారు. 7 మెగాహెర్ట్జ్‌లో డమ్మీ లోడ్ (ఆంటెనాకు బదులు తగిలించే రెసిస్టర్) మీద 20 వాట్లకు మించి రావడం లేదనీ, మైకులో మాట్లాడితే మీటరు ముల్లు కదలడమే లేదనీ అన్నారు. సెట్టును చూసిన మెకానిక్ ఒకరు ఐఎఫ్ (రిసీవర్ మధ్యంతర ఫ్రీక్వెన్సీ దశ) మొత్తం తిరిగి అలైన్ చేయాలనీ, అంటే కాయిళ్లలోని కోర్లు తిప్పి ట్యూనింగ్ సరిచేయాలనీ, ఫైనల్ వాల్వులు (పవర్ ఇచ్చే చివరి దశవి) రెండూ పోయాయనీ తేల్చారట. అందుకే అలైన్‌మెంట్ పద్ధతినీ, వాల్వులు దొరికే చోటునూ అడిగారు.

ఆ రెండు పనులూ ఇప్పుడే మొదలుపెట్టవద్దని నా గట్టి సలహా. ఫ్యాక్టరీలో అలైన్ చేసిన కోర్లు, సెట్టు అటక మీద కూర్చున్నంత మాత్రాన తమంతట తాము తిరగవు. వాడకుండా ఉంచిన సెట్టులో మారేవి వేరే ఉన్నాయి. స్విచ్చులు, రిలేలు, వాల్వు సాకెట్లలోని కాంటాక్టుల మీద పొర కడుతుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోతాయి. వేరియబుల్ కెపాసిటర్ బేరింగులో గ్రీజు గట్టిపడుతుంది. కార్బన్ రెసిస్టర్లు కొన్ని విలువ పెరుగుతాయి. మీరు చెప్పిన లక్షణాల్లో ‘ఉన్నట్టుండి వచ్చి పడిపోవడం’ అన్నదే అసలు సంగతి బయటపెడుతోంది. అలైన్‌మెంట్ చెదిరిన సెట్టు ఎప్పుడూ ఒకే తీరుగా బలహీనంగా ఉంటుంది. వచ్చీపోయే సెట్టులో మాత్రం ఎక్కడో ఒక కాంటాక్టు అంటీ అంటనట్టు ఉంటుంది. ఆ కాంటాక్టు దొరక్కముందే కోర్లు తిప్పేస్తే, రేపు అది బాగుపడ్డాక సెట్టు నిజంగానే అలైన్‌మెంట్ తప్పి కూర్చుంటుంది. అప్పుడు సరైన సిగ్నల్ జనరేటర్ లేకుండా దాన్ని మళ్లీ దారికి తేవడం చాలా కష్టం.

పని మొదలుపెట్టే ముందు ఈ సెట్టు నిర్మాణం గురించి కొంత తెలుసుకోవాలి. 1970ల రెండో సగానికి చెందిన ఈ సెట్టులో రిసీవర్ అంతా ట్రాన్సిస్టర్లతోనే నడుస్తుంది. వాల్వులు మూడే ఉంటాయి: డ్రైవర్‌గా ఒక 12బీవై7ఏ, ఫైనల్స్‌గా రెండు ఎస్2001ఏ. ముందు ప్యానెల్ మీద హీటర్ స్విచ్చి వేరుగా ఉంది కనుక, ఆ మూడు వాల్వులనూ వెలిగించకుండానే రిసీవర్‌ను పూర్తిగా బాగుచేసుకోవచ్చు. మీ పని కూడా ఆ వరుసలోనే సాగాలి. అయితే హీటర్ స్విచ్చి ఆఫ్‌లో ఉన్నంత మాత్రాన లోపల హై వోల్టేజ్ లేదనుకోకండి. ఫైనల్ వాల్వుల ప్లేట్లకు వెళ్లే లైనులో సుమారు 800 వోల్టుల డీసీ ఉంటుంది. అది మనిషిని చంపగల వోల్టేజ్. ప్లగ్గు పీకి, కొన్ని నిమిషాలు ఆగి, డిశ్చార్జ్ కర్రతో కెపాసిటర్లను ఖాళీ చేయకుండా ఫైనల్స్ ఉన్న గూడు మూత తీయవద్దు. అర మీటరు పీవీసీ గొట్టం చివర 2.2 కిలో ఓములు, 10 వాట్ల రెసిస్టర్ ఒకటి బిగించి, దాని రెండో కొసను వైరుతో ఛాసిస్‌కు క్లిప్పు పెడితే డిశ్చార్జ్ కర్ర తయారవుతుంది. దాన్ని హై వోల్టేజ్ పాయింటుకు ఆనించి కొన్ని సెకన్లు అలాగే ఉంచాలి. కరెంటు ఉన్న సెట్టులో కొలవవలసి వచ్చినప్పుడు రెండో చేయి ఛాసిస్‌కు తగలకుండా వెనక్కి పెట్టుకోండి. బజారులో దొరికే చవక మల్టీమీటర్ వైర్లతో 800 వోల్టులు కొలవడానికి పూనుకోకండి. సెట్టులోని మీటరునే హెచ్‌వీ స్థానానికి తిప్పితే ఆ రీడింగు దానంతట అదే కనిపిస్తుంది.

ఇది కర్నూలు పాతబస్తీ నుంచి వచ్చిన సెట్టు కనుక మరొకటి అడగవలసి ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు పట్టణాన్ని ముంచెత్తినప్పుడు ఈ సెట్టు ఎక్కడ ఉందో మీ అత్తగారిని అడిగి తెలుసుకోండి. ఆ వరదలో అటకల దాకా నీరు వచ్చిన ఇళ్లు ఉన్నాయి. ఆమెకు గుర్తులేకపోతే సెట్టే చెబుతుంది: కింది మూత విప్పి, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ రేకుల సందులలోనూ, ఛాసిస్ మూలల్లోనూ, కింది వరుస మరల చుట్టూ చూడండి. నీరు తాకి ఉంటే మెత్తటి ఒండ్రు పొడి, ఒకే ఎత్తులో సాగిన తుప్పు గీత తప్పక కనిపిస్తాయి. అలాంటి ఆనవాలు ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకీ ఛాసిస్‌కూ మధ్య ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్షించకుండా కరెంటు ఇవ్వవద్దు. ఆ పరీక్షకు ముందు మెయిన్స్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే బైపాస్ కెపాసిటర్లను విప్పి పక్కన పెట్టండి. ఎలాగూ అవి మార్చవలసినవే. ఛాసిస్ తాకితే చురుక్కుమనేది చాలా వరకు వాటి లీకేజీ వల్లే. వాటి స్థానంలో వై క్లాసు సేఫ్టీ కెపాసిటర్లు వేసి, రెండు పిన్నుల పాత తీగ ఉంటే దాన్ని తీసివేసి, మూడు పిన్నుల తీగ బిగించండి. ఇంటి ఎర్తింగ్‌ను కూడా నమ్మవద్దు. మన నేల వేసవిలో ఎంత ఎండిపోతుందో మీకు తెలుసు. ఉప్పు, బొగ్గు వేసిన గుంతకు నెలల తరబడి నీళ్లు పోయకపోతే అది పేరుకు మాత్రమే ఎర్తింగ్.

లోపలి దుమ్మును మెత్తటి బ్రష్షుతోనూ, తక్కువ గాలితోనూ తీయండి. వెనుక ఉన్న ఫ్యాన్ జాలీని ప్రత్యేకంగా చూడండి. మన వైపు మూలపడిన సెట్లలో కందిరీగలు అక్కడే మట్టి గూళ్లు కడతాయి. ఫ్యాన్ చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, దాని బేరింగుకు కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు. శుభ్రం చేయడానికి థిన్నర్, పెట్రోలు వంటివి వాడితే పాలిస్టైరీన్ కెపాసిటర్లూ, డయల్ ప్లాస్టిక్కూ కరిగిపోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మాత్రమే వాడండి.

తర్వాత కరెంటు సంగతి చూద్దాం. సెట్టు వెనుక వోల్టేజ్ అమరిక 220కి ఉందో, లేక 120కి ఉందో మొదట నిర్ధారించుకోండి. 120కి ఉన్న సెట్టుకు మన సప్లై తగిలిస్తే ఇక చేయగలిగింది ఏమీ ఉండదు. 220కి ఉన్నా మీ ఊరి లైను వోల్టేజీని పగలూ రాత్రీ కొలిచి రాసుకోండి. వ్యవసాయ మోటార్లు నడిచే వేళ 200కు పడిపోయి, అవి ఆగాక 250కి లేచే లైన్లు మన జిల్లాల్లో మామూలే. 220కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 250 ఇస్తే 6.3 వోల్టులు ఉండవలసిన హీటర్‌కు 7.1 పైగా వెళుతుంది. హై వోల్టేజ్ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వాల్వుల ఆయుష్షు తగ్గేది అక్కడే. టీవీలకు వాడే రిలే స్టెబిలైజర్ ట్రాన్స్‌మిట్ మధ్యలో టకటకమని స్టెప్పులు మారుస్తుంది కనుక నేను దాన్ని సిఫారసు చేయను. సర్వో స్టెబిలైజర్ ఉంటే మంచిది. లేకపోతే రాత్రి ఎక్కువ వోల్టేజీని తగ్గించడానికి 24 వోల్టులు, 3 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీని లైనుకు వ్యతిరేక దిశలో సీరీస్‌లో కలిపినా సరిపోతుంది.

మీరు ఇప్పటికే నేరుగా ఆన్ చేసి చూశారు కనుక మొదటి గండం గడిచినట్టే. అయినా ప్రతి మరమ్మతు తర్వాత తొలిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో సీరీస్ బోర్డు వాడండి. హీటర్ స్విచ్చి ఆఫ్‌లో ఉంచి ఆన్ చేస్తే బల్బు ఒక్క క్షణం ప్రకాశంగా వెలిగి, వెంటనే మసకబారాలి. ప్రకాశంగానే ఉండిపోతే లోపల ఎక్కడో షార్టు ఉన్నట్టు, వెంటనే ఆపేయండి. హై వోల్టేజ్ ఫిల్టర్ కెపాసిటర్లు ఒకదానితో ఒకటి సీరీస్‌లో ఉంటాయి. వాటి మధ్య వోల్టేజ్ సమానంగా పంచుకోవడానికి ఒక్కొక్కదాని మీద ఒక రెసిస్టర్ ఉంటుంది. ఇంత వయసున్న కెపాసిటర్లను పరీక్షించి నిలబెట్టుకోవడం కంటే, 105 డిగ్రీల రకంతో ఆ రెసిస్టర్లతో సహా మార్చేయడమే మేలని నా అభిప్రాయం. కర్నూలు వాళ్లకు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ, అనంతపురం వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు, కడప వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్ ఇలాంటి సామానుకు దగ్గర దారి.

ఇక రిసీవర్. ఏ మూతా విప్పక ముందే ప్యానెల్ మీది నాబ్‌లనూ స్విచ్చులనూ ఒకసారి సరిచూడండి. ఆర్ఎఫ్ గెయిన్ పూర్తిగా కుడివైపు ఉండాలి. 20 డెసిబెల్స్ తగ్గించే ఆర్ఎఫ్ ఏటీటీ బటన్ బయటికి ఉండాలి. ఫంక్షన్ స్విచ్చి లోపలి వీఎఫ్ఓ స్థానంలో ఉండాలి. ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి, కానీ చెడిపోయిందని తెచ్చిన సెట్టు ఆ ఏటీటీ బటన్ నొక్కి ఉండడం వల్లే మూగబోయి ఉండడం నేను చూశాను. ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్ ఆపేసి వినండి, లేకపోతే వాటి రొదలో బలహీనమైన స్టేషన్లు మునిగిపోయి తప్పు సెట్టు మీద పడుతుంది. ఆ తర్వాత లోపలి 9 వోల్టుల రెగ్యులేటెడ్ లైనును కొలవండి. అది స్థిరంగా లేకపోతే వీఎఫ్ఓ నుంచి ఐఎఫ్ దాకా ఏదీ సరిగా పనిచేయదు.

సెట్టులోనే ఉన్న కాలిబ్రేటర్ (ప్రతి 25 కిలోహెర్ట్జ్ దగ్గరా ఒక మార్కర్ స్వరం ఇచ్చేది) మీకు సిగ్నల్ జనరేటర్‌లా ఉపయోగపడుతుంది. దాన్ని ఆన్ చేసి, ప్రతి బ్యాండులో ఒక మార్కర్ స్వరాన్ని పట్టుకుని, డ్రైవ్ నాబ్‌తో ఎస్ మీటరు (సిగ్నల్ బలం చూపేది) అత్యధికంగా చూపేలా పీక్ చేసి ఆ రీడింగు రాసుకోండి. కాలిబ్రేటర్ అన్ని బ్యాండ్లలో గట్టిగా వినిపించి ఆంటెనా నుంచి వచ్చేది మాత్రం నీరసంగా ఉంటే, లోపం ఆంటెనా సాకెట్‌కూ రిసీవర్ ముందు భాగానికీ మధ్యనే ఉంది. ఆ దారిలో మొదటి నిందితుడు ట్రాన్స్‌మిట్, రిసీవ్ మార్చే రిలే. కాలిబ్రేటర్ కూడా అన్ని బ్యాండ్లలో ఒకేలా బలహీనంగా ఉంటే ఐఎఫ్, ఆడియో, లేదా సప్లై వైపు వెతకాలి. ఒకటి రెండు బ్యాండ్లే మూగగా ఉంటే ఆ బ్యాండ్లకు చెందిన హెటెరోడైన్ క్రిస్టల్ (వీఎఫ్ఓతో కలిసి ఆ బ్యాండును నిర్ణయించేది), లేదా బ్యాండు స్విచ్చిలో ఆ స్థానం. ఈ సెట్టులో ఐఎఫ్ 3.395 మెగాహెర్ట్జ్, వీఎఫ్ఓ 5.5 నుంచి 4.9 దాకా వెనక్కి నడుస్తుంది. ఉదాహరణకు 14 మెగాహెర్ట్జ్ బ్యాండుకు 22.895 క్రిస్టల్ నుంచి 5.5 తీసివేస్తే 17.395 వస్తుంది, అందులోంచి 14 పోతే మిగిలేది ఐఎఫ్. ఈ లెక్క చేతిలో ఉంటే మరొక షార్ట్‌వేవ్ రిసీవర్‌ను 17.395 దగ్గర పెట్టి, వీఎఫ్ఓ, క్రిస్టల్ రెండూ సజీవంగా ఉన్నాయో లేదో ఏ మూతా విప్పకుండానే వినవచ్చు.

మీ లక్షణాలు చదివితే నా అనుమానం రిలే మీదే. దాన్ని పట్టుకోవడం సులభం: హీటర్లు ఆఫ్‌లో ఉంచి, రిసెప్షన్ పడిపోయిన సమయంలో స్టాండ్‌బై స్విచ్చిని ఒకసారి సెండ్‌కు వేసి వెంటనే రిసీవ్‌కు తీసుకురండి. రిలే టక్కుమన్న వెంటనే రిసెప్షన్ గట్టిపడితే కాంటాక్టు మీది పొరే కారణం. రిలే మూత తీసి, విజిటింగ్ కార్డు నుంచి కత్తిరించిన సన్నటి పట్టీని ఐసోప్రొపైల్‌లో తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి, వేలితో ఆర్మేచర్‌ను మెల్లగా నొక్కి పట్టి, పట్టీని లాగండి. కార్డు మీద నల్లని గీత పడుతుంది. ఆ గీత పడనంతవరకూ తడిపిన పట్టీతో, చివరగా పొడి పట్టీతో లాగితే చాలు. గరుకు కాగితం, ఆకురాయి వాడితే కాంటాక్టు మీది పూత పోయి కొద్ది నెలల్లో మళ్లీ మొదటికి వస్తుంది.

బ్యాండు స్విచ్చికి కూడా అలాంటి ఓపికే కావాలి. డబ్బా నుంచి నేరుగా స్ప్రే కొడితే ద్రవం స్విచ్చి పలకల్లోకి ఇంకి లీకేజీకి దారి తీస్తుంది. పైగా ఎగిరిన తుంపర్లు కాయిళ్ల మీద పడతాయి. సీఆర్‌సీ 2-26 వంటి కాంటాక్ట్ క్లీనర్‌ను చిన్న గిన్నెలోకి కొట్టి, సన్నటి సూది ఉన్న సిరంజిలోకి తీసుకుని, ప్రతి పలక మీద కాంటాక్టులకు మాత్రమే చుక్క చుక్కగా ఇవ్వండి. తర్వాత కరెంటు లేకుండా నాబ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు చాలాసార్లు తిప్పితే పొర దానంతట అదే రాలుతుంది. ట్రాన్స్‌మిట్ చేస్తూ ఈ నాబ్ తిప్పడం ఎప్పటికీ వద్దు, అక్కడ పుట్టే ఆర్క్‌కు కాంటాక్టు కాలిపోతుంది. బోర్డుల కనెక్టర్లను కూడా ఒక్కొక్కటిగా తీసి తిరిగి పెట్టండి. అన్నీ ఒకేసారి లాగితే ఏది ఎక్కడిదో తెలియక కొత్త చిక్కు వస్తుంది.

వీఎఫ్ఓ గరగర గురించి కొంత వివరంగా చెప్పాలి. ఇక్కడే చాలామంది అవసరం లేని పనులు చేస్తారు. వేరియబుల్ కెపాసిటర్ తిరిగే ఇరుసును ఛాసిస్‌కు కలిపే సన్నటి ఇత్తడి స్ప్రింగు పట్టీ ఒకటి ఉంటుంది. దాని కింద గ్రీజు ఎండి గట్టిపడినప్పుడు ఇరుసుకు ఎర్తు ఒకసారి తగిలి, ఒకసారి తగలక ఫ్రీక్వెన్సీ గెంతుతుంది. వీఎఫ్ఓ డబ్బా మూత మాత్రం తీసి, ఆ పట్టీ ఇరుసును తాకే చోట టూత్‌పిక్ చివరతో క్లీనర్ ఒక్క చుక్క పెట్టి, నాబ్‌ను పూర్తిగా అటూ ఇటూ తిప్పి, ఎండిన గ్రీజును అదే పుల్లతో తీసి, మళ్లీ ఒక చుక్క పెట్టండి. ప్లేట్ల మధ్య ఏదీ పెట్టవద్దు, వాటిని వంచవద్దు. లోపలి ట్రిమ్మర్లను అసలు తాకవద్దు. డబ్బాలో కాయిల్ మీది మైనం, కెపాసిటర్ల ఎంపిక అంతా ఉష్ణోగ్రతకు తగ్గట్టు లెక్క చూసి చేసినవి. గెంతడం ఆగి మెల్లగా జారడం మాత్రం మిగిలితే దాన్ని లోపంగా చూడకండి. మే నెలలో మధ్యాహ్నం గది 40 డిగ్రీలు దాటి ఉన్నప్పుడు ఏ పాత వీఎఫ్ఓ అయినా జారుతుంది. డ్రిఫ్ట్ కొలత తెల్లవారుజామున, సెట్టు ఒక గంట వేడెక్కాక, ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట చేయండి. డయల్ సరిచూడడానికి బ్యాండు స్విచ్చి మీద డబ్ల్యుడబ్ల్యువి (అమెరికా టైం సిగ్నల్ స్టేషన్) అని రాసిన స్థానంలో చైనా వారి బీపీఎం టైం సిగ్నల్ మన ప్రాంతంలో వినిపిస్తుంది. దానితో కాలిబ్రేటర్‌ను సున్నా బీటుకు (రెండింటి మధ్య తేడా స్వరం వినబడకుండా పోయేదాకా) తెచ్చి, కాలిబ్రేటర్‌తో డయల్‌ను సరిచేసుకోవచ్చు.

రిసీవర్ నిలకడగా పనిచేస్తున్నదని రూఢి అయ్యాకే హీటర్ స్విచ్చి వేయండి. అంతకు ముందు ఫైనల్స్ గూటిలో, హై వోల్టేజ్ ఖాళీ చేసి, చేయవలసిన పని ఒకటి ఉంది. డ్రైవర్ వాల్వు ప్లేటు నుంచి ఫైనల్ వాల్వుల గ్రిడ్లకు సిగ్నల్ తీసుకువెళ్లే కప్లింగ్ కెపాసిటర్‌కు ఒక వైపు 300 వోల్టుల ప్రాంతంలో పాజిటివ్, మరో వైపు నెగటివ్ బయాస్ (వాల్వు కరెంటును అదుపులో ఉంచే గ్రిడ్ వోల్టేజ్) ఉంటుంది. అది కొంచెం లీకైనా ఆ పాజిటివ్ వోల్టేజ్ గ్రిడ్ల మీదికి జారి, బయాస్‌ను చంపేసి, ఫైనల్స్ ప్లేట్లు ఎర్రగా కాలేదాకా కరెంటును లాగిస్తుంది. వాల్వులు పోయాయన్న సెట్లలో ఎన్నో ఈ చిన్న కెపాసిటర్ వల్లే పోయాయి, కొత్త వాల్వులు వేసినా అదే దారి పడతాయి. సర్క్యూట్‌లో ఉన్న విలువకే 1 కిలోవోల్టు రేటింగు ఉన్న సిల్వర్ మైకా కెపాసిటర్ వేసి ఆ భయం తీర్చుకోండి. అదే సమయంలో మూడు వాల్వులనూ తీసి పిన్నులు తుడిచి, సాకెట్లలోకి రెండు మూడు సార్లు పెట్టి తీయండి. గాజు మీది అక్షరాలను మాత్రం తుడవకండి, చెరిగిపోతాయి.

బయాస్ చూడడానికి డమ్మీ లోడ్ తగిలించి, వాల్వులు పది నిమిషాలు వేడెక్కాక, మోడ్ యూఎస్‌బీలో (అప్పర్ సైడ్‌బ్యాండ్), మైక్ గెయిన్ సున్నాలో ఉంచి, మీటరును ఐపీకి (ప్లేట్ కరెంటు) తిప్పి సెండ్‌కు వేయండి. రెండు వాల్వులకూ కలిపి 60 మిల్లీ ఆంపియర్లు ఉండేలా బయాస్ ప్రీసెట్‌ను మెల్లగా తిప్పండి. ముల్లు దానంతట అదే పైకి పాకుతూ ఉంటే వెంటనే రిసీవ్‌కు తెచ్చి, ఇందాకటి కెపాసిటర్‌నూ, బయాస్ సప్లైలోని ఎలక్ట్రోలైటిక్‌నూ చూడండి. డమ్మీ లోడ్ లేని మిత్రుల కోసం ఒక మాట: 1 కిలో ఓము, 2 వాట్ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్లు 20 సమాంతరంగా కలిపి నూనె డబ్బాలో ముంచితే 50 ఓముల లోడ్ తయారవుతుంది, కొద్ది సెకన్ల పాటు 100 వాట్లను మోస్తుంది. వైరు చుట్టిన రెసిస్టర్లు ఇందుకు పనికిరావు.

ఇప్పుడు మీ 20 వాట్ల విషయం. ఆ కొలత ఏ మోడ్‌లో తీసుకున్నారో మీరు రాయలేదు. మోడ్ స్విచ్చి ట్యూన్ స్థానంలో ఉంటే స్క్రీన్ వోల్టేజ్ తగ్గించి ఉంటుంది కనుక పవర్ తక్కువే రావాలి, అది లోపం కాదు. సీడబ్ల్యు (మోర్స్) మోడ్‌లో కీ నొక్కి చూడండి. రెండోది, సెట్టు వెనుక ఎస్‌జీ అని రాసిన చిన్న స్లైడ్ స్విచ్చి. ఫైనల్స్ స్క్రీన్ గ్రిడ్లకు వోల్టేజ్ దాని గుండానే వెళుతుంది. ఏళ్ల తరబడి ఎవరూ కదిలించని ఆ స్విచ్చి కాంటాక్టు పొర కట్టి అరకొరగా తగులుతుంది. కరెంటు ఆపి, ఒక చుక్క క్లీనర్ వేసి, అటూ ఇటూ జరిపి, తిరిగి ఆన్‌లో పెట్టండి.

తర్వాత మీటరును ఏఎల్‌సీకి (డ్రైవ్ మితిమీరకుండా దానంతట అదే అదుపు చేసే సర్క్యూట్) తిప్పి, కార్ (క్యారియర్) నాబ్ పెంచుతూ డ్రైవ్‌ను పీక్ చేయండి. ఈ సెట్టులో ఏఎల్‌సీ ఫైనల్స్ గ్రిడ్ కరెంటు నుంచి పుడుతుంది కాబట్టి, ముల్లు లేచిందంటే డ్రైవర్ వాల్వు దాకా అన్నీ సరిగా ఉన్నట్టు. అలా లేచి కూడా పవర్ రాకపోతే తప్పు స్క్రీన్, హై వోల్టేజ్, ఫైనల్ వాల్వులు, లేదా ఆంటెనా రిలేలోనే ఉంటుంది. ముల్లు లేవకపోతే ఫైనల్స్‌ను అనుమానించే అవసరమే లేదు, 12బీవై7ఏ వైపు చూడండి. ఫైనల్స్ జతతో పోలిస్తే అది చవకైన వాల్వు, ముందు దాన్ని మార్చి చూడడం న్యాయం. కీ నొక్కినప్పుడు హెచ్‌వీ రీడింగు కొంత తగ్గడం సహజం, బాగా కుంగిపోతే ఫిల్టర్ కెపాసిటర్లు, లేదా మీ ఊరి లైను.

ట్యూన్ చేసేటప్పుడు ప్లేట్ నాబ్‌తో ఐపీ కనిష్ఠానికి పడే డిప్ పట్టుకుని, లోడ్ నాబ్ కొద్దిగా కదిపి పవర్ పెంచుకుని, మళ్లీ డిప్ చూసుకుంటూ పోవాలి. రెజొనెన్స్‌లో లేని స్థితిలో కీ పది సెకన్లకు మించి నొక్కి ఉంచకండి. ప్రతి ప్రయత్నానికీ మధ్య అర నిమిషం వాల్వులకు విశ్రాంతి ఇవ్వండి. సెట్టు బాగుపడితే 7 మెగాహెర్ట్జ్‌లో 100 వాట్ల ప్రాంతంలో రావాలి. మీ లైసెన్సు గ్రేడుకు అనుమతించిన పవర్ అంతకంటే తక్కువైతే ఆంటెనా తగిలించేటప్పుడు కార్ నాబ్ తగ్గించి ఆ పరిమితిలోనే నడపండి.

మాట్లాడితే పవర్ రాకపోవడం వేరే సమస్య అని నా నమ్మకం. టీఎస్-520ఎస్ మైకు ఇన్‌పుట్ 50 కిలో ఓముల హై ఇంపీడెన్స్ డైనమిక్ మైకు కోసం చేసినది. మీరు తగిలించినది సభల్లో వాడే 600 ఓముల మైకు, లేదా కొత్త సెట్ల ఎలక్ట్రెట్ మైకు అయితే ఆడియో అందదు. ఎలక్ట్రెట్‌కు కావలసిన డీసీ కూడా ఈ సాకెట్లో రాదు. సీడబ్ల్యులో పవర్ వచ్చి ఎస్ఎస్‌బీలో (మాట పంపే మోడ్) రాకపోతే సెట్టును విప్పకుండా మైకునే మార్చి చూడండి. చిన్న మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్, లేదా ఒక ట్రాన్సిస్టర్ ప్రీ యాంప్లిఫయర్ ఆ కొరత తీరుస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఫైనల్స్ నిజంగా అరిగిపోయాయని తేలితే, రెండింటినీ మ్యాచ్ చేసిన జతగానే మార్చండి. ఎస్2001ఏకు బదులు అవే పిన్నులున్న 6146బీ వేయవచ్చు, కానీ లోపలి కెపాసిటెన్స్ కొద్దిగా తేడా ఉంటుంది కనుక న్యూట్రలైజేషన్ (వాల్వు లోపలి ఫీడ్‌బ్యాక్‌ను రద్దు చేసే సర్దుబాటు) మళ్లీ చేయక తప్పదు. 28 మెగాహెర్ట్జ్ బ్యాండులో డమ్మీ లోడ్ దగ్గర ఆర్ఎఫ్ ప్రోబ్ పెట్టి, మామూలుగా ట్యూన్ చేశాక, ఎస్‌జీ స్విచ్చి ఆఫ్ చేసి, డ్రైవ్ ఇచ్చి, స్క్రీన్ లేకపోయినా లీకై వచ్చే ఆర్ఎఫ్ కనిష్ఠమయ్యేలా న్యూట్రలైజింగ్ ట్రిమ్మర్‌ను సర్దాలి. ఈ పనికి లోహపు స్క్రూడ్రైవర్ వద్దు. పొడవాటి వెదురు పుల్లను చివర చెక్కుకుని వాడండి, ఎందుకంటే ఆ గూటిలో హై వోల్టేజ్ అప్పుడూ ఉంటుంది. ఈ పని తొలిసారి ఒంటరిగా చేయకండి, మెయిన్ స్విచ్చి దగ్గర మరొకరిని నిలబెట్టండి.

అలైన్‌మెంట్ చివరన. పైవన్నీ పూర్తయి, అన్ని బ్యాండ్లలో కాలిబ్రేటర్ రీడింగులు నిలకడగా ఉండి కూడా తక్కువగా ఉంటేనే కోర్ల జోలికి వెళ్లండి. ప్రతి కోరు తొలి స్థానాన్ని మార్కర్ పెన్‌తో గుర్తుపెట్టి, సరిపోయే ప్లాస్టిక్ పనిముట్టుతో ఒక్కసారికి ఎనిమిదో వంతు చుట్టు కంటే ఎక్కువ తిప్పకుండా, ఎస్ మీటరు చూస్తూ సర్దండి. పావు చుట్టులోపు పీక్ దొరకకపోతే కోరును పాత గుర్తుకు తెచ్చేయండి, లోపం ఆ కోరులో లేదు. కోరు బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయవద్దు. ఫెరైట్ ఒకసారి పగిలిందంటే కాయిల్ మొత్తం పోయినట్టే.

ముందుగా నాకు ఈ వివరాలు పంపండి: ప్రతి బ్యాండులో కాలిబ్రేటర్ ఎస్ రీడింగు, రిలే టక్కుమన్నాక రిసెప్షన్‌లో వచ్చిన మార్పు, 9 వోల్టుల లైను కొలత, పగలు రాత్రి మెయిన్స్ వోల్టేజ్, సీడబ్ల్యులో కీ నొక్కినప్పుడు ఏఎల్‌సీ, ఐపీ, హెచ్‌వీ మీటర్లు చూపిన విలువలు. మీ మైకు మీద రాసి ఉన్న ఇంపీడెన్స్ కూడా రాయండి. అవి చేతికి వచ్చాక వాల్వులు కొనాలో వద్దో చెబుతాను. అప్పటిదాకా ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.